పాత ఫోన్ రీసెట్ చేస్తున్నారా? ఒక్క నిమిషం.. మెయిల్ యాప్ బ్యాకప్‌లో పాస్‌వర్డ్‌లు ఉండవు!

పండగ సేల్‌లో కొత్త ఫోన్ బుక్ చేశారు. ఎక్స్‌ఛేంజ్‌లో పాతది ఇచ్చేయాలి. డెలివరీ బాయ్ గుమ్మం ముందు నిలబడ్డాడు. మెయిల్ యాప్ బ్యాకప్ తీసుకున్నాం కదా అన్న ధీమాతో రీసెట్ కొట్టేశారు. తీరా కొత్త ఫోన్‌లో చూస్తే.. అకౌంట్లన్నీ వచ్చాయి కానీ ఒక్కోదానికీ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఎప్పుడో ఐదేళ్ల కిందట పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇప్పుడెలా గుర్తొస్తుంది?

బ్యాకప్‌లో ఏముంటుంది?

నాలుగైదు మెయిల్ అకౌంట్లను ఒకేచోట చూసుకోవడానికి చాలామంది ఆండ్రాయిడ్‌లో కె-9 మెయిల్, థండర్‌బర్డ్ లాంటి యాప్‌లు వాడుతుంటారు. వీటి సెట్టింగ్స్‌లో ‘ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్’ అనే ఆప్షన్ ఉంటుంది. సర్వర్ పేర్లు, యూజర్ నేమ్‌లు, మెయిల్ కింద వచ్చే సంతకం లాంటివన్నీ అది ఒక ఫైల్‌లో సేవ్ చేస్తుంది. పాస్‌వర్డ్‌లను మాత్రం వదిలేస్తుంది. ఇది లోపం కాదు, కావాలనే అలా పెట్టారు. ఆ ఫైల్‌కు తాళం ఉండదు. ఎవరి చేతికి చిక్కినా ఓపెన్ చేసి చదివేయొచ్చు.

జీమెయిల్ లెక్క వేరు. గూగుల్ పేజీలో లాగిన్ అయ్యాక యాప్‌కు ఒక అనుమతి మాత్రమే అందుతుంది, పాస్‌వర్డ్ అందదు. కాబట్టి కొత్త ఫోన్‌లో మళ్లీ లాగిన్ కావాల్సిందే. టూ-స్టెప్ వెరిఫికేషన్ పాత ఫోన్‌తోనే ముడిపడి ఉండి, అది రీసెట్ అయిపోతే చిక్కొచ్చి పడుతుంది.

కంప్యూటర్ ఉంటే ఇలా..

కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ వాడేవారికి ఓ సౌకర్యం ఉంది. టూల్స్ మెనూలో ‘ఎక్స్‌పోర్ట్ ఫర్ మొబైల్’ ఎంచుకుంటే క్యూఆర్ కోడ్ వస్తుంది. పాస్‌వర్డ్‌లు కూడా చేర్చమని టిక్ పెట్టి, ఫోన్‌లోని థండర్‌బర్డ్‌తో స్కాన్ చేస్తే సరి. జీమెయిల్ లాంటి వాటికి మాత్రం మళ్లీ లాగిన్ తప్పదు. ఆ కోడ్‌లో పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి ఎవరికీ పంపొద్దు.

రీసెట్‌కు ముందు రోజే ఇవి చూసుకోండి

1. కంప్యూటర్‌లో గానీ, ఇంట్లో వాళ్ల ఫోన్‌లో గానీ ఇన్‌కాగ్నిటో విండో తెరిచి ప్రతి అకౌంట్‌లోకీ లాగిన్ అయి చూడండి. పాస్‌వర్డ్ గుర్తుందో లేదో అక్కడే తేలిపోతుంది. మర్చిపోతే, పాత ఫోన్ చేతిలో ఉండగానే మార్చుకోండి.

2. పాస్‌వర్డ్‌లను పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకోండి. అయితే గూగుల్ పాస్‌వర్డ్‌ను గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌లోనే ఉంచి ఊరుకుంటే, తాళంచెవి లోపల పెట్టి తలుపు మూసినట్టే! దాన్ని కాగితంపై రాసి బీరువాలో పెట్టుకోవచ్చు.

3. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఉంటే బ్యాకప్ కోడ్‌లు తీసుకోండి. గూగుల్ ఒకేసారి 10 కోడ్‌లు ఇస్తుంది. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది.

4. రికవరీ నంబర్ ఇప్పుడు వాడుతున్నదేనా? ఎప్పుడో ఆపేసిన సిమ్ నంబర్ ఉంటే వెంటనే మార్చేయండి. వాడని నంబర్‌ను టెలికాం కంపెనీలు వేరొకరికి ఇచ్చే అవకాశం ఉంది.

5. గూగుల్ ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ స్క్రీన్‌పై ఒక్కసారే కనిపిస్తుంది. అది పోతే వెతుక్కోవద్దు, కొత్తది తీసుకుంటే చాలు.

ఈ పని మాత్రం చేయొద్దు

పాస్‌వర్డ్‌లను వాట్సాప్‌లో మనకు మనమే పంపుకోవడం, డైరీ పేజీని ఫొటో తీసి గ్యాలరీలో ఉంచడం, కాంటాక్ట్స్‌లో వేరే పేరుతో దాచడం చాలామందికి అలవాటు. ఫోన్ వేరేవాళ్ల చేతిలో పడితే అన్నీ బయటపడతాయి.

షాపింగ్ యాప్‌ల నుంచి సోషల్ మీడియా దాకా చాలా అకౌంట్ల పాస్‌వర్డ్ రీసెట్ లింక్ వచ్చేది మెయిల్‌కే. అది చేజారితే మిగతావీ చిక్కుల్లో పడతాయి. మెయిల్ వేరేవాళ్ల చేతికి వెళ్లి డబ్బులు పోయాయంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. అన్ని అకౌంట్లలోకీ లాగిన్ అవుతోందని తేలాకే పాత ఫోన్‌ను రీసెట్ చేయండి.