క్రొత్త క్రిప్టో నాణెములు – పరీక్షించు విధము

బంగారము కొనబోవునపుడు మన స్త్రీలు చూపు జాగరూకత యింతంత కాదు. తరుగెంత, మజూరీ యెంత, హాల్‌మార్కు ముద్ర యున్నదా లేదా యని నాలుగు దుకాణములు తిరిగి విచారించినగాని కాసు బంగారమైనను కొనరు. అట్టివారే, నిన్న పుట్టిన యొక క్రిప్టో నాణెమునకు, దాని పేరైన సరిగా పలుకుట రాకమునుపే, ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును ఫోనులో నుండి పంపివేయుట మాకు మిగుల వింతగా దోచుచున్నది. ఈ వ్యాపారము చేయుడని గాని మానుడని గాని చెప్పుట మా యుద్దేశము కాదు. చేయదలచిన సోదరీమణులు ముందుగా చూచుకొనవలసిన వేవో తెలుపుటకే యీ వ్యాసము.

ఈ నాణెములలో మొదటిదైన బిట్‌కాయిను 2009వ సంవత్సరము జనవరిలో వెలువడినది. ఎవ రెవరి కెంత పంపిరో వ్రాయబడు ఖాతాపుస్తకము లోకమందలి యనేక కంప్యూటర్లలో ప్రతులుగా నుండును. దానికి యజమాని లేడు. మొత్తము నాణెములు 2 కోట్ల 10 లక్షలకు మించరాదని మొదటనే కట్టడి చేయబడినది. 2015లో వచ్చిన ఎథీరియము వంటి వానిపై క్రొత్త టోకెనును సృష్టించుట నేడు మిక్కిలి సులువు. స్వల్పమైన రుసుముతో, కొద్ది సేపటిలో, ఎవ్వరైనను చేయవచ్చును. కనుక బిట్‌కాయిను వెల పెరిగినది గదా, యిదియు పెరుగుననుట, పట్టుచీర విలువైనది గనుక చీరయను పేరు గల ప్రతి గుడ్డయు విలువైనదే యనుట వంటిది.

"లిస్టింగు" అయినది అను మాట విని పలువురు భ్రమపడుచున్నారు. ఒక ఎక్స్‌ఛేంజిలో దాని క్రయవిక్రయములకు చోటు దొరకినదనియే దాని యర్థము గాని, అది మేలైనదని యెవరును పూచీపడినట్లు కాదు. కొన్ని ఎక్స్‌ఛేంజీలు కొంత విచారించి చేర్చుకొనును. వికేంద్రీకృతములనబడు వానిలో ఎవ్వరి యనుమతియు నక్కరలేదు.

మొదట ఆ ప్రణాళికను వివరించు "వైట్ పేపరు" చదువవలెను. ఆంగ్లము రానివారు పిల్లలచేత చదివించుకొనవచ్చును. చేయబోవు పనికి ఈ నాణెము నిజముగా కావలెనా, అది లేకున్నను ఆ పని జరుగునా యని యొక్క ప్రశ్న వేసికొనిన చాలును. నిర్వాహకులు ఊరు పేరు గలవారా, మునుపేమి చేసిరి అనునది రెండవది.

ఇంతకంటె ముఖ్యమైనది లెక్క. ఒక నాణెము వెల 10 రూపాయలనుకొందము. బజారులో తిరుగుచున్నవి కోటి; కనుక దాని మొత్తము విలువ 10 కోట్లని చూపుదురు. కాని సృష్టింపబడబోవునవి 100 కోట్లైనచో, అదే వెలకు పూర్తి విలువ 1,000 కోట్లగును. మిగిలిన 99 కోట్ల నాణెము లెవరిచేతిలో నున్నవి? స్థాపకులకు, మొదట పెట్టుబడి పెట్టినవారికి ఎన్ని? వారు వానిని అమ్ముకొనుటకు గడువెప్పుడు తీరును? ఆ దినమున వారందరు నమ్మజూపినచో కొనువారెవ్వరు? ఏ ఖాతాలో నెన్ని నాణెములున్నవో ఎథర్‌స్కాన్ వంటి చోట్ల ఎవ్వరైనను ఉచితముగా చూడవచ్చును. పది ఖాతాలలోనే అధికభాగ మున్నచో ఆ పదిమంది దయమీదనే మన సొమ్ము నిలిచియుండును.

వికేంద్రీకృత ఎక్స్‌ఛేంజీలలో నాణెమును కొనువా డొక మనుష్యుడు కాదు, ఒక మూలనిధి. అందు 10 లక్షల రూపాయల విలువగల సొమ్మును, లక్ష టోకెన్లును ఉన్నవనుకొనుడు. వెల 10 రూపాయలు. ఒకడు తనయొద్దనున్న మరియొక లక్ష టోకెన్లను ఒకేసారి తెచ్చి యమ్మెనా, వాడుకలోనున్న సామాన్య సూత్రము ప్రకారము వానికి 5 లక్షలే వచ్చును, వెల రెండున్నర రూపాయలకు పడిపోవును. అనగా తెరమీద కనబడు వెల మనకు దొరకు వెల కాదు. ఆ మూలనిధిని స్థాపకులు తీసికొనిపోకుండ తాళము వేయబడినదా, ఎంతకాలమునకు వేయబడినది అనునది తప్పక విచారింపవలెను. క్రొత్త టోకెన్లను తమ యిష్టము వచ్చినప్పుడు ముద్రించు నధికారము వారు చేతిలో నుంచుకొనిరా యనునదియు నట్టిదే.

2021 అక్టోబరులో ప్రఖ్యాతమైన కొరియా ధారావాహిక పేరు వాడుకొని "స్క్విడ్" అను టోకెను బయలుదేరెను. ఆ ధారావాహికవారికి దానితో సంబంధము లేదు. వైట్ పేపరునిండ అక్షరదోషములు. కొనినవారు అమ్ముకొనలేకపోవుచున్నామని మొఱపెట్టుచుండగనే వెల పెరిగి, నవంబరు 1న 2,800 డాలర్లు దాటి, నిమిషములలో సున్నకు దిగెను. నడిపినవారు దాదాపు 33 లక్షల డాలర్లతో నదృశ్యులైరి. కొనుటకు ముందు, ఇతరులు అమ్ముకొనగలుగుచున్నారా యని చూచుట యెంత యవసరమో దీనివలన తెలియును.

అన్నిటికంటె కష్టమైన పరీక్ష వేరొకటి కలదు. మనకు ఈ నాణెములను గూర్చి చెప్పువారు పరాయివారు కారు. వదినగారో, పినతల్లి కూతురో, పొరుగింటి అక్కయ్యగారో వాట్సాపులో పిలుతురు. "నీవు నన్ను నమ్మవా?" యన్న ప్రశ్నకు "ఆధారము చూపుము" అని బదులు చెప్పుటకు నోరాడదు. మోసగాండ్రకు కావలసినది ఆ మొగమాటమే. 2014లో రుజా ఇగ్నటోవా అను నామె ప్రారంభించిన "వన్‌కాయిన్" ఈ విధముగనే బంధుమిత్రుల ద్వారా వ్యాపించినది. మరియొకరిని చేర్చినవారికి కమీషను. దాని వెలను నిర్ణయించినది బజారు కాదు, ఆ కంపెనీయే. బయట నెక్కడను అమ్ముటకు వీలులేదు. 2017 అక్టోబరునుండి ఆమె జాడ లేదు. పోయిన సొమ్ము 400 కోట్ల డాలర్లని అమెరికా అధికారులు లెక్కగట్టిరి. నవీముంబయిలో సయితము దాని సభ పెట్టినవారిని 2017లో పోలీసులు పట్టుకొనిరి. చెప్పిన వదినగారు అబద్ధమాడుచున్నారని మా భావము కాదు. ఆమెయు నమ్మియే యుండును. ఆమెపై ప్రేమ వేరు, ఆ నాణెముపై నమ్మకము వేరు. ఈ రెంటిని కలుపకుండ "మా యింట విచారించి చెప్పెదను" అని గడువు తీసికొనుటలో అమర్యాద యేమియు లేదు. ఈ దినమే చేరవలెనని తొందరపెట్టినచో సందేహింపవలసినదే.

రాబడి నిశ్చయమని చెప్పు చోట మరింత జాగ్రత్త. "టెర్రా" నాణెములపై ఏటికి నూటికి దాదాపు 20 వంతున వడ్డీ యిచ్చుచుండిరి. 2022 మే నెలలో కొద్ది దినములలోనే అది కూలి, సుమారు 4,000 కోట్ల డాలర్ల విలువ హరించిపోయెను. అది చీకటి వ్యాపారము వలె గాక, పేరుపడిన ఎక్స్‌ఛేంజీలలో పట్టపగలు నడచినది.

పన్నును మరువరాదు. మన దేశమున 2022 ఏప్రిలునుండి వీనిపై లాభమునకు నూటికి 30 వంతున పన్ను, దానిపై సెస్సు. ఒక నాణెముపై 50,000 రూపాయలు లాభము వచ్చి, మరియొకదానిపై 50,000 పోయినను, నష్టమును తగ్గించుకొన వీలులేదు. మన చేతికేమియు రాకున్నను 15,000 రూపాయలు పన్ను కట్టవలెను. బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల వఱకు గల భీమా వీనికి లేదు. 2023 మార్చినుండి ఎక్స్‌ఛేంజీలు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌నొద్ద నమోదు కావలెను. కానిదానితో వ్యవహరింపకుండుట మేలు.

ఇదివరకే మోసపోయిన సోదరి యెవరైన నున్నచో, సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేసి, పంపిన సొమ్ము వివరములను, సందేశముల ప్రతులను భద్రపరుపవలెను. కొంత రుసుము చెల్లించిన పోయిన సొమ్ము తెచ్చియిచ్చెదమని పిమ్మట వచ్చువారు పలుమారులు ఆ ముఠాలోనివారే.