ఇరవై ఐదింట ఒక్కటి

సెకండియర్‌లో మా రూమ్ వాళ్లు నాకు పెట్టిన పేరు 'డబ్బా'. బీజీఎంఐలో ఎవడైనా చచ్చిపోతే వాడి సామానంతా ఒక పెట్టెగా మారి నేల మీద పడి ఉంటుంది కదా, అదన్నమాట. ప్యారాచూట్ దిగిన రెండు నిమిషాలకే డబ్బా అయిపోయేవాణ్ణి.

విచిత్రం ఏంటంటే, గోల్డ్ దాకా నేను హీరోనే. మ్యాచ్‌కి పదేసి కిల్స్, వారానికి నాలుగైదు చికెన్ డిన్నర్లు. పైకి వెళ్లేసరికి ఒక్కసారిగా ఆట మర్చిపోయినట్టు అయింది. అసలు సంగతి తర్వాత తెలిసింది. కింది ర్యాంకుల్లో నేను కాల్చినవాళ్లలో చాలామంది మనుషులే కాదు, బాట్లు. సరిగ్గా గురిపెట్టడం రాక, ఎదురుగా వచ్చి నిలబడే కంప్యూటర్ బొమ్మలు. కొత్తవాడు మొదటిరోజే విసుగొచ్చి ఫోన్ పక్కన పడేయకుండా చేసిన ఏర్పాటు. నా గెలుపుల్లో చాలావరకు గ్రేస్ మార్కులేనన్నమాట. ర్యాంకు పెరిగింది గానీ, నాకు వచ్చింది మాత్రం ఏమీ లేదు.

అప్పుడు కూర్చుని లెక్క వేశా. ఎరాంగెల్ మ్యాప్‌లో 100 మంది, స్క్వాడ్‌కి నలుగురు, అంటే 25 జట్లు. గెలిచేది ఒక్కటే. అందరూ సమానంగా ఆడితే గెలిచే అవకాశం 4 శాతం. పాతిక మ్యాచ్‌లు ఆడితే సగటున 24 ఓడిపోవాలి. అది మన చేతకానితనం కాదు, ఆ ఆట కట్టుబడే అంత.

వాలరెంట్ లాంటి ఐదుగురికి ఐదుగురు ఆడే ఆటల్లో ఈ లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ మ్యాచ్‌మేకింగ్ వీలైనంతవరకు మనకు సమానమైన వాళ్లనే ఎదురు పెట్టాలని చూస్తుంది. ఈ ఆలోచనకు మూలం చదరంగంలో ఉంది. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ అర్పాద్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఒక రేటింగ్ పద్ధతి తయారుచేశారు. దాన్ని 1960లో అమెరికా చెస్ సమాఖ్య, 1970లో ఫిడే తీసుకున్నాయి. ఇద్దరి రేటింగ్ సమానమైతే చెరి 50 శాతం. తేడా 200 ఉంటే పైవాడికి సుమారు 76 శాతం, 400 ఉంటే 91. అసలు మజా పాయింట్లలో ఉంది. ఒక గేమ్‌కి పెట్టిన గుణకం 20 అనుకుందాం. నాకంటే 400 ఎక్కువున్నవాడి చేతిలో ఓడితే నాకు పోయేది దాదాపు 2 పాయింట్లు. పొరపాటున గెలిస్తే వచ్చేవి 18. మన స్థాయికి మించినవాడితో తలపడటానికి ఇంత చవక బేరం ఇంకెక్కడ దొరుకుతుంది?

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. మనం ఎంత మెరుగుపడ్డా ఓటముల సంఖ్య తగ్గదు. ఎదుటివాడు మారిపోతాడంతే. 'ఆర్నెల్ల నుంచి ఆడుతున్నా ఇంకా సగం ఓడిపోతున్నా' అని తల పట్టుకునేవాడు నిజానికి చాలా ఎదిగి ఉండొచ్చు, వాడికే తెలియదు.

ఓటమికి ధర ఎంత పెట్టాలన్నది గేమ్ తయారుచేసేవాళ్ల నిర్ణయం. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో చచ్చిపోతే సంపాదించిన ఎక్స్‌పీరియన్స్ కొంత పోయేది, సామాను కోసం మళ్లీ మన శవం దాకా వెళ్లాల్సి వచ్చేది. ఈవ్ ఆన్‌లైన్‌లో ఓడ పేలిందంటే పోయినట్టే. నాకు నచ్చింది మాత్రం కౌంటర్ స్ట్రైక్ పద్ధతి. అక్కడ రౌండ్ ఓడినా డబ్బులిస్తారు. మొదట 1400, వరసగా ఓడుతూ పోతే పెరిగి 3400 దాకా. ఏకే-47 ధర 2700. అంటే దెబ్బ మీద దెబ్బ తిన్న జట్టుకి మళ్లీ తుపాకీ పట్టుకునే దారి ఆటే చూపిస్తుంది. గెలుపు చేతికివ్వదు, ఇంకో ప్రయత్నం ఇస్తుంది.

ఆటల మీద పరిశోధన చేసిన యెస్పర్ యూల్ 2013లో ఓటమి గురించే ఒక పుస్తకం రాశారు. బయట ఓటమి నుంచి పారిపోయే మనం, ఓడిపోతామని తెలిసీ ఆటల దగ్గరికి ఎందుకు వెళ్తామన్నది అందులో ప్రశ్న. నాకు తెలిసిన జవాబు చిన్నది. నేను డెత్ రీప్లే ఆన్ చేశాక నన్ను చంపినవాడి కళ్లతో నన్ను నేను చూశా. ఖాళీ మైదానంలో నిలబడి తీరిగ్గా బ్యాగ్ సర్దుకుంటున్నా! అలా దొరికిపోతే ఎవడైనా కాలుస్తాడు. ఎందుకు చచ్చామో కనపడాలి, వెంటనే మళ్లీ ఆడే వీలుండాలి. ఈ రెండూ లేకపోతే ఓటమి వట్టి అవమానం.

ఈ మాట నాకు ఆలస్యంగా అర్థమైంది. థర్డియర్ మొదట్లో ఫ్రెషర్స్ వచ్చినప్పుడు హాస్టల్‌లో కస్టమ్ రూమ్ పెట్టి సీనియర్లు, జూనియర్లు టీడీఎం ఆడాం. 40 కిల్స్‌కి ఆట అయిపోతుంది. 40-3తో గెలిచాం. వాళ్లలో ఒక కుర్రాడు చచ్చిన ప్రతిసారీ 'అన్నా, ఎక్కణ్ణుంచి కొట్టారు?' అని అడుగుతూనే ఉన్నాడు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. మేం నవ్వాం. 'నీకెందుకురా, చచ్చావ్‌గా' అన్నది నేనే. డబ్బా అనే పేరు మోసినవాణ్ణి.

మర్నాడు వాడు గేమ్ తీసేశాడని వాడి రూమ్మేట్ చెప్పాడు. పోనీలే, చదువుకుంటాడు అని మా వాళ్లు జోక్ వేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు వాడికి మేం పెట్టింది కష్టమైన ఆట కాదు. కష్టంలో ఒక దారి ఉంటుంది, అది మేం మూసేశాం.

నిన్న మెస్‌లో కనిపిస్తే పక్కన కూర్చున్నా. ఆ రోజు వేర్‌హౌస్‌లో పైనున్న కంటైనర్ మీంచి కొట్టానని, అక్కడికి ఎలా ఎక్కాలో చెప్తానని అన్నా. సాంబార్ కలుపుకుంటూ కాసేపు ఆలోచించాడు.

'మిడ్స్ అయ్యాక చూద్దాం అన్నా' అన్నాడు.