పిల్లి కోసం ఏడవవచ్చా?

మా బుజ్జి చనిపోయి మూడు నెలలైంది. బుజ్జి మా ఇంటి పిల్లి. దైవసంగతులు రాయాల్సిన చోట పిల్లి గొడవేమిటని కొందరు నవ్వుకోవచ్చు. ఒకప్పుడు నేనూ అలా నవ్వినవాణ్ణే. ముందు ఆ సంగతి చెప్పాలి.

రెండేళ్ల క్రితం మా సంఘంలో బుధవారం ప్రార్థన కూటం జరుగుతోంది. ఒకరు కొడుకు ఉద్యోగం కోసం, ఒకరు మోకాళ్ల నొప్పుల కోసం, ఇంకొకరు పొలం తగాదా కోసం ప్రార్థన మనవులు చెప్పారు. చివర్లో నాలుగో తరగతి చదివే ఒక పాప లేచి, తన పిల్లి లారీ కింద పడి చనిపోయిందని, దానికోసం ప్రార్థన చేయమని అడిగింది. కూటం నడిపిస్తున్న సంఘపెద్దను నేనే. 'పిల్లులకు ఆత్మ ఉండదమ్మా, కూర్చో' అన్నాను. అంతా నవ్వారు. పాప కూర్చుంది. ఆ తర్వాత ఏ కూటంలోనూ ఆ పాప నోరు విప్పి మనవి చెప్పినట్టు నాకు గుర్తులేదు.

బుజ్జి పదకొండేళ్ల క్రితం ఒక వానరాత్రి మా వంటింట్లోకి వచ్చింది. గుప్పెడంత ఉంది. మా ఆవిడకు పిల్లులంటే పడదు, 'తెల్లారాక పంపేద్దాం' అంది. ఆ తెల్లవారడం పదకొండేళ్లు పట్టింది! సాయంత్రం కుటుంబ ప్రార్థనకు చాప పరిస్తే అందరికన్నా ముందొచ్చి కూర్చునేది. ప్రార్థన మరీ పొడుగైతే లేచి వెళ్లిపోయేది. మా పిల్లలకు ఆ స్వాతంత్య్రం లేదు. చివరకు దాని కిడ్నీలు చెడ్డాయి. వయసు మళ్లిన పిల్లులకు ఇది తరచూ వచ్చే జబ్బేనని పశువైద్యుడు చెప్పాడు. సెలైన్ ఎక్కించినా లాభం లేకపోయింది. ఒక మధ్యాహ్నం నా ఒళ్లోనే కన్నుమూసింది. పెరట్లో జామచెట్టు కింద గొయ్యి తీశాను. మా నాన్నగారి సమాధి దగ్గర ధైర్యంగా పాట పాడిన నేను, ఆ రోజు పార పట్టుకుని ఏడ్చాను. ఆదివారం గుడిలో 'కళ్లలా ఉన్నాయేంటి బ్రదర్?' అని అడిగితే 'జలుబు' అన్నాను. దేవుని మందిరంలో అబద్ధం! నిజం చెబితే నవ్వుతారని భయం. ఆ భయం పుట్టగానే పాప గుర్తుకొచ్చింది.

మనం చదివే అరవై ఆరు పుస్తకాల్లో పెంపుడు పిల్లి మాట ఎక్కడా లేదు. కానీ పెంపుడు జంతువు మీది ప్రేమ ఎలాంటిదో నాతాను ప్రవక్తకు బాగా తెలుసు. బత్షెబ విషయంలో పాపం చేసి, ఊరియాను చంపించి, ఏమీ ఎరగనట్టున్న దావీదు రాజు దగ్గరికి వెళ్లి అతడొక కథ చెప్పాడు (2 సమూ 12). ఒక పేదవాడికి ఒక్కటే గొర్రెపిల్ల. అది అతని పిల్లలతో కలిసి పెరిగింది, అతని ముద్దలోనే తిన్నది, అతని గిన్నెలోనే తాగింది, అతని రొమ్ము మీద పడుకుంది. అతనికి కూతురే అనుకోండి. మందలున్న ధనవంతుడు దాన్ని లాక్కుని తన అతిథికి వండి పెట్టాడు.

కథ విన్న దావీదు మండిపడ్డాడు. గొర్రెపిల్లే కదా, ఇంకోటి కొనుక్కోమను అనలేదు. ఆ ధనవంతుడు చావదగినవాడన్నాడు. మనిషిని చంపించి కూడా చలించని గుండెను ఒక గొర్రెపిల్ల కదిలించింది! పేదవాడి ప్రేమ నవ్వదగినదే అయితే ఆ ఉపమానం అక్కడే తేలిపోయేది, 'ఆ మనుష్యుడవు నీవే' అని వేలు చూపే అవకాశం నాతానుకు దొరికేది కాదు. ఈ భాగం మీద నేను మూడుసార్లైనా వాక్యం చెప్పి ఉంటాను. ప్రతిసారీ దావీదు పాపం గురించే చెప్పాను, గొర్రెపిల్లను పోగొట్టుకున్న ఆ పేదవాడి దగ్గర ఒక్క నిమిషం ఆగలేదు.

జంతువులు పరలోకానికి వెళ్తాయా? జాన్ వెస్లీ 1781లో రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం మీద ప్రసంగిస్తూ, మూలుగుతున్న సృష్టిలో జంతువులకూ విడుదల ఉందని వాదించాడు. ప్రసంగి మాత్రం ఎవరికి తెలుసని ప్రశ్నగానే వదిలేశాడు (3:21). నేనూ అక్కడే ఆగుతాను. కానీ నీనెవె మీద ఎందుకు జాలిపడకూడదని యోనాను అడిగినప్పుడు, దేవుడు అక్కడి జనంతోపాటు పశువుల్నీ లెక్కలోకి తెచ్చాడు. యోనా గ్రంథం ఆ పశువుల మాటతోనే ముగుస్తుంది.

'అమేజింగ్ గ్రేస్' రాసిన జాన్ న్యూటన్‌కు విలియం కూపర్ అనే మిత్రుడు ఉండేవాడు. ఇద్దరూ కలిసి 1779లో ఓల్నీ కీర్తనల పుస్తకం తెచ్చారు. దేవుడు తనను విడిచిపెట్టాడన్న తీవ్రమైన కుంగుబాటు కూపర్‌ది. అలాంటి రోజుల్లో, 1774లో, పొరుగువాళ్లు ఇచ్చిన కుందేలు పిల్లను పెంచడం మొదలుపెట్టాడు. అవి మూడయ్యాయి. వాటిలో ఒకదాని పేరు పుస్. అది జబ్బుపడితే చేత్తో సేవచేశాడు, కోలుకున్నాక అది అతని చెయ్యంతా నాకిందట. 1786 మార్చి 9న పుస్ చనిపోతే, దాని వయసు పదకొండేళ్ల పదకొండు నెలలని, మిట్టమధ్యాహ్నం వేళ బాధ లేకుండా పోయిందని రాసిపెట్టుకున్నాడు. ఇంచుమించు మా బుజ్జి వయసే. అంతటి కీర్తనకారుడు దాచుకోని దుఃఖాన్ని నేను జలుబు కింద దాచాను.

పోయిన వారం ఆ పాప ఇంటికి వెళ్లాను. ఇప్పుడు ఆరో తరగతి. 'మా పిల్లి కూడా చనిపోయిందమ్మా. ఆ రోజు నీతో తప్పుగా మాట్లాడాను, క్షమించు' అన్నాను. వాళ్లమ్మ కంగారుపడి 'అయ్యో, చిన్నపిల్లను మీరు అడగడమేంటండీ' అంది. పాప మాత్రం కాసేపు నావంక చూసి, 'మీ పిల్లి పేరేంటంకుల్?' అని అడిగింది. ఈ మూడు నెలల్లో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. చెప్పాను. తన పిల్లి పేరు చింటూ అంది. ఆ రోజు కూటంలో నేను అడగాల్సింది అదే.

వరండాలో ముగ్గురం మోకరించాం. ప్రార్థన పాపే చేసింది. నేను ఆమెన్ అన్నాను.