పాత ఆపరేటింగ్ సిస్టమ్ పునఃస్థాపన: తెలుగు డీటీపీ ప్రతుల పరిశీలనలో దాని ఆవశ్యకత, విధానం

వ్యాస సంగ్రహం

యూనికోడ్ వాడుకలో స్థిరపడక ముందు డీటీపీలో కూర్చిన తెలుగు పాఠాలను నేటి కంప్యూటర్లపై యథాతథంగా చదవడం కష్టం. ఆ ఫైళ్లలో అక్షరాలకు బదులు ఫాంటులోని ముక్కల సంకేతాలు మాత్రమే ఉండటం ఇందుకు ప్రధాన కారణం. ఆ ఫాంటు, దానికి తోడైన కీబోర్డు సాఫ్ట్‌వేర్, పేజీలు కూర్చిన ప్రోగ్రాము, వీటన్నిటికీ ఆధారమైన ఆపరేటింగ్ సిస్టమ్ కలిసినప్పుడే పాఠం పూర్తిగా కనిపిస్తుంది. విండోస్ ఎక్స్‌పీని నేటి కంప్యూటర్‌లో తిరిగి నెలకొల్పే విధానాన్ని, అందులో పాఠపరిష్కర్త గమనించవలసిన విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: డీటీపీ, విండోస్ ఎక్స్‌పీ, వర్చువల్ మిషన్, పేజ్‌మేకర్, యూనికోడ్, పాఠపరిష్కరణ.

ప్రవేశిక

తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు మొదట లేఖకుని లిపి అలవాట్లను పట్టుకుంటాడు. ఎక్కడ దీర్ఘం గుర్తించలేదు, ఎక్కడ వత్తు జారింది, ఏ అక్షరాన్ని ఏ అక్షరంగా పొరబడే అవకాశముంది అన్న ఎరుక లేకుండా పాఠనిర్ణయం జరగదు. 1990ల నుంచి సుమారు రెండు దశాబ్దాల పాటు తెలుగులో వెలువడిన పుస్తకాలు, పత్రికలు, సిద్ధాంత గ్రంథాలు అధికంగా డీటీపీ కేంద్రాల్లో రూపుదిద్దుకున్నాయి. వాటి మూలఫైళ్లు రచయితల ఇళ్లలో, ముద్రాపకుల వద్ద, విశ్వవిద్యాలయ శాఖల బీరువాల్లో సీడీలుగా, ఫ్లాపీలుగా మిగిలి ఉన్నాయి. ఇవీ ప్రతులే. వీటికీ లేఖకుడున్నాడు, లిపి అలవాట్లున్నాయి. తాళపత్రాన్ని కంటితో చూడగలం; ఈ ప్రతిని చూడాలంటే ముందు దాని కాలపు యంత్ర వాతావరణాన్ని సిద్ధం చేసుకోవాలి.

ముద్రిత పుస్తకం చేతిలో ఉండగా ఫైలుతో పనేమిటన్న ప్రశ్న సహజం. పునర్ముద్రణ, పదసూచిక, నిఘంటు నిర్మాణం, శైలి పరిశీలన, గ్రంథచౌర్య పరీక్ష వంటి పనులన్నిటికీ వెతకడానికి వీలున్న పాఠం కావాలి. పుటలను స్కాన్ చేసి యంత్రంతో అక్షరాలు గుర్తింపజేయడం ఒక మార్గమే. అయితే వత్తులు, అరసున్నలు, పాదసూచికల చిన్న అక్షరాల వద్ద ఆ పద్ధతి ఇంకా తడబడుతూనే ఉంది. టైపు చేసిన మూలఫైలే దొరికినప్పుడు దాన్ని వదిలి, దాని బొమ్మను మళ్లీ చదివించడం చుట్టుదారి.

ఫైలులో ఉన్నదేమిటి?

యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల విభాగం ఉంది. ప్రతి అక్షరానికి, గుణింతపు గుర్తుకు ఒక స్థిరమైన సంఖ్య ఉంటుంది. ‘స్త్రీ’ అన్న మాట అందులో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు అనే ఆరు సంకేతాల వరుస. ఇది ఉచ్చారణ క్రమం. ఆ ఆరింటినీ కలిపి ఒక ఆకృతిగా తెరపై చూపే బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్‌ది, ఫాంటుది.

డీటీపీ ఫాంట్లు ఇందుకు భిన్నమైనవి. అప్పటి ప్రోగ్రాములు ఒక ఫాంటులో 256 స్థానాలనే గుర్తించేవి. వాటిలోనూ కొన్ని వాడుకోవడానికి వీలులేనివి. తెలుగు గుణింతాలు, వత్తులన్నీ అందులో ఇమడవు గనుక ఫాంటు రూపకర్తలు అక్షరాలను ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కలను ఆంగ్లాక్షరాలకు, విరామ చిహ్నాలకు కేటాయించిన స్థానాల్లో కూర్చోబెట్టారు. ‘స్త్రీ’ అక్కడ ‘సీ’ ఆకృతి, త వత్తు, ర వత్తు అనే ముక్కల కూర్పు. ఇది కంటికి కనిపించే క్రమం. కంప్యూటర్ దృష్టిలో మాత్రం అది రెండు మూడు రోమన్ గుర్తుల గుంపు. ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు అర్థంలేని గుర్తుల వరుసగా కనిపించడానికి కారణమిదే.

ఈ కేటాయింపు అందరికీ ఒకటే అయి ఉంటే ఇంత చిక్కు ఉండేది కాదు. భారతీయ లిపుల కోసం 1991లో ఇస్కీ ప్రమాణం వెలువడినా ఫాంటు సంస్థలు ఎవరి పట్టికను వారే రూపొందించుకున్నాయి. పుణెలోని సీ-డాక్ సంస్థ ఐఎస్ఎం, మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి, తెలుగు డీటీపీ కేంద్రాల్లో విరివిగా వాడిన అను స్క్రిప్ట్ మేనేజర్, ఇలా ఒక్కోదానికి ఒక్కో అమరిక. ఒకదానిలో కూర్చిన పాఠం మరొకదానిలో చదవడానికి రాదు.

విచిత్రమేమంటే 2001 అక్టోబరులో వెలువడిన విండోస్ ఎక్స్‌పీలో యూనికోడ్ తెలుగుకు మద్దతు ఉంది. గౌతమి అనే ఫాంటు దానితోపాటే వచ్చింది. అయినా ముద్రణరంగం అదే ఎక్స్‌పీ మీద పేజ్‌మేకర్‌తో, ముక్కల ఫాంట్లతో ఏళ్ల తరబడి కొనసాగింది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. ఆపరేటర్ల వేళ్లకు ఆపిల్ కీబోర్డు అమరిక అలవాటై ఉంది. ముద్రణాలయంలో ప్రమాణం కన్నా అలవాటుదే పైచేయి.

ఎక్స్‌పీయే ఎందుకు?

అడోబీ సంస్థ 2001లో పేజ్‌మేకర్ 7.0ను విడుదల చేసింది; 2004లో దాని అభివృద్ధిని ఆపివేసింది. తరువాతి ప్రోగ్రామైన ఇన్‌డిజైన్ కొంతకాలం పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచేది. సీఎస్6 తరువాతి సంచికల్లో ఆ సౌకర్యం లేదు. పేజ్‌మేకర్ 7.0ను నేటి విండోస్‌లో నడిపించడం కొందరికి సాధ్యమవుతున్నది. కాని దానితోపాటు కీబోర్డు సాఫ్ట్‌వేర్, ప్రింటర్ డ్రైవర్ మూడూ సరిగా కలిసి పనిచేయడం అరుదు. ఇంకా పాతవైన 16 బిట్ల ప్రోగ్రాములు నేటి 64 బిట్ల విండోస్‌లో అసలే నడవవు. కాబట్టి ఆ ప్రోగ్రాములు పుట్టి పెరిగిన చోటనే వాటిని తెరవడం క్షేమం.

ఎక్స్‌పీని నేటి కంప్యూటర్ డిస్కుపై నేరుగా నెలకొల్పడం మాత్రం సలహా ఇవ్వదగింది కాదు. ఎక్స్‌పీ నాటి యంత్రాలు బయాస్ ద్వారా మొదలయ్యేవి. ఇప్పటివి యూఈఎఫ్ఐ ద్వారా మొదలవుతాయి. సాటా డిస్కుకు తగిన డ్రైవర్ ఎక్స్‌పీ సీడీలో లేకపోవడంతో స్థాపన మధ్యలో ‘7బి’ సంఖ్య గల నీలితెర వచ్చి ఆగిపోతుంది. అప్పట్లో ఎఫ్6 మీట నొక్కి ఫ్లాపీ నుంచి డ్రైవర్ అందించేవారు. ఇప్పుడు ఆ ఫ్లాపీ ఎక్కడిది? పాత కంప్యూటర్ ఒకటి పదిలంగా ఉంటే మంచిదే. దాని డిస్కు ఎన్నాళ్లు పనిచేస్తుందో చెప్పలేం. మిగిలిన మార్గం వర్చువల్ మిషన్. ఒక కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌తో సృష్టించడం దీని సారం. ఒరాకిల్ సంస్థ అందించే వర్చువల్‌బాక్స్ ఈ పనికి చాలు.

స్థాపన విధానం

ఎక్స్‌పీ ఉచితం కాదు. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న దానికి మద్దతు ముగించినా లైసెన్సు నిబంధనలు మిగిలే ఉన్నాయి. శాఖలోనో గ్రంథాలయంలోనో ఉన్న అసలు సీడీ, దానితో వచ్చిన 25 అక్షరాల ఉత్పత్తి సంకేతం ముందుగా వెతికి పెట్టుకోవాలి. కంప్యూటర్ కొన్నప్పుడు దానితోపాటే వచ్చిన ప్రతి అయితే ఆ కంప్యూటర్‌కే పరిమితమైన అనుమతి కావచ్చు. సీడీని ఐఎస్ఓ ప్రతిబింబంగా మార్చి భద్రపరిస్తే అది మళ్లీ మళ్లీ అరగదు.

వర్చువల్‌బాక్స్‌లో కొత్త మిషన్ సృష్టించేటప్పుడు 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీని ఎంచుకోవాలి. ఎక్స్‌పీకి 64 ఎంబీ జ్ఞాపకశక్తి కనీసావసరంగా మైక్రోసాఫ్ట్ చెప్పింది. 512 ఎంబీ ఇస్తే పేజ్‌మేకర్‌కు ధారాళం. పది జీబీ డిస్కు సరిపోతుంది. ఆ డిస్కును సాటాకు కాక ఐడీఈ కంట్రోలర్‌కు కలపాలి. పైన చెప్పిన నీలితెరను తప్పించే కిటుకు ఇంతే. నెట్‌వర్క్ అడాప్టర్‌ను ఈ దశలోనే తొలగించాలి. 2017 మేలో వానాక్రై దాడి జరిగినప్పుడు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి కూడా అత్యవసర సవరణ విడుదల చేయవలసి వచ్చింది. ప్రతులు చదవడానికి పెట్టుకున్న యంత్రానికి ఇంటర్నెట్‌తో పనిలేదు.

మిషన్ మొదలుపెట్టగానే నీలం తెరపై తెల్లని అక్షరాలతో మొదటి దశ నడుస్తుంది. ఎఫ్8తో ఒప్పందాన్ని అంగీకరించి, ఖాళీ డిస్కులో విభాగం ఏర్పరచి, ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. ఇక్కడ చెరిగేది వర్చువల్ డిస్కు మాత్రమే. అసలు కంప్యూటర్‌లోని సమాచారానికి భయం లేదు. ఫైళ్ల నకలు ముగిశాక మిషన్ తనంతట తాను తిరిగి మొదలవుతుంది. అప్పుడు సీడీ నుంచి మొదలవడానికి ఏదైనా మీట నొక్కమని అడిగితే నొక్కకూడదు; నొక్కితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. రెండో దశలో భాష, పేరు, ఉత్పత్తి సంకేతం, తేదీ అడుగుతుంది. మిగిలిన సమయం 39 నిమిషాలని తెర చెప్పినా నేటి యంత్రాల్లో అంతకంటే త్వరగానే ముగుస్తుంది. 30 రోజుల్లో యాక్టివేషన్ పూర్తిచేయాలన్నది మరో నియమం.

స్థాపన పూర్తయిన వెంటనే ఆ స్థితిని స్నాప్‌షాట్‌గా దాచుకోవాలి. ఆ తరువాతి అడుగుల్లో ఏది వికటించినా క్షణంలో వెనక్కి రావచ్చు. తాళపత్రంపై నూనె పూసి చూసే పండితునికి లేని వెసులుబాటు ఇది.

తరువాత నెలకొల్పే వాటికి ఒక క్రమం ఉంది. మొదట ప్రింటర్. కాగితం మీద అచ్చువేయకపోయినా పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవర్ ఒకటి ఉండాలి. పేజ్‌మేకర్ పుటను ప్రింటర్‌ను బట్టి కూరుస్తుంది. ప్రింటర్ మారితే పంక్తుల విరుపు కదలవచ్చు. పుటసంఖ్యలు, పంక్తిసంఖ్యలతో ఉటంకించే పరిశోధకునికి ఇది చిన్న విషయం కాదు. ఆపైన ఫాంట్లు, కీబోర్డు సాఫ్ట్‌వేర్, చివర పేజ్‌మేకర్. కొన్ని తెలుగు సాఫ్ట్‌వేర్లకు కంప్యూటర్ వెనుక తగిలించే తాళం వంటి పరికరం ఉండేది. అది యూఎస్‌బీ రకమైతే వర్చువల్ మిషన్‌కు అప్పగించవచ్చు. పాత ప్యారలల్ పోర్టు రకమైతే పాత కంప్యూటరే శరణ్యం. కొత్తగా టైపు చేయనక్కరలేదు, చదివితే చాలు అనుకుంటే ఫాంట్లు మాత్రమే ఉన్నా పని గడుస్తుంది.

ఫైలు తెరిచే వేళ

సీడీ, ఫ్లాపీలలోని ఫైళ్లను నేరుగా తెరవకూడదు. మొత్తం మాధ్యమానికి ప్రతిబింబం తీసి, దాని నకలును మాత్రమే ఎక్స్‌పీలోకి పంపాలి. పేరు చివర ‘పి65’ ఉన్నవి పేజ్‌మేకర్ 6.5 నాటివి, ‘పీఎండీ’ ఉన్నవి 7.0 నాటివి. తెరిచినప్పుడు కావలసిన ఫాంటు లేకపోతే పేజ్‌మేకర్ దాని బదులు మరొకటి సూచిస్తూ ఒక పెట్టె చూపుతుంది. ఆ పెట్టెలోని ఫాంటు పేరును రాసుకుని, ఫైలును భద్రపరచకుండా మూసివేయాలి. ఆ పేరే తదుపరి అన్వేషణకు ఆధారం. అక్కడ తొందరపడి భద్రపరిస్తే ఏ ముక్క ఏ ఫాంటుదో చెప్పే జాడ చెరిగిపోవచ్చు.

పాఠాన్ని బయటకు తీయడంలోనే అసలు మెలకువ ఉంది. సాదా పాఠంగా ఎగుమతి చేస్తే ఫాంటు పేర్లు రాలిపోతాయి. తెలుగు సిద్ధాంత గ్రంథంలో ఆంగ్ల ఉటంకింపులు, సంవత్సరాలు, విదేశీ గ్రంథాల పేర్లు ఉంటాయి. ఫాంటు పేరు పోయాక ఏ రోమన్ అక్షరం నిజంగా ఆంగ్లమో, ఏది తెలుగు ముక్కకు మారువేషమో తేల్చడం దాదాపు అసాధ్యం. అందువల్ల ఆర్‌టీఎఫ్ రూపంలోనే ఎగుమతి చేయాలి. అప్పుడు తెలుగు ఫాంటులో ఉన్న భాగాన్ని మాత్రమే యూనికోడ్‌లోకి మార్చి, మిగతాది యథాతథంగా ఉంచవచ్చు.

మరొక చిక్కు పాదసూచికలది. పేజ్‌మేకర్‌లో పాదసూచికల సౌకర్యం లేదు. ఆపరేటర్లు వాటిని పుట అడుగున వేరే పెట్టెల్లో టైపు చేసేవారు. ఎగుమతి ప్రధాన పాఠానికి వేరుగా, ఒక్కో పెట్టెకు వేరుగా జరుగుతుంది. సూచిక సంఖ్యలు ఒకచోట, సూచికలు మరొకచోట మిగులుతాయి. వీటిని తిరిగి జత చేయడానికి పుటల రూపాన్ని చూపే పీడీఎఫ్‌ను కూడా అదే ఎక్స్‌పీలో తయారుచేసి పక్కన పెట్టుకోవాలి. ఆ పీడీఎఫ్‌లో పుట చక్కగా కనిపించినా అందులో తెలుగు మాటను వెతికితే దొరకదు. లోపల ఉన్నవి మళ్లీ ఆ ముక్కల సంకేతాలే. శోధ్‌గంగలో కనిపించే తెలుగు సిద్ధాంత గ్రంథాల్లో ఈ రకం పీడీఎఫ్‌లు ఉన్నాయి. కంటికి తెలుగు, వెతుకులాటకు శూన్యం.

యూనికోడ్‌లోకి మార్చాక ప్రాచీన సాహిత్య పాఠాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అరసున్న, శకటరేఫం యూనికోడ్‌లో మొదటి నుంచీ ఉన్నా మార్పిడి పట్టికల్లో అవి తప్పిపోయే అవకాశం ఉంది. దంత్య చకార జకారాల ప్రత్యేక రూపాలు 2008లో 5.1 సంచికతో, నకారపొల్లు 2021లో 14.0 సంచికతో మాత్రమే చేరాయి. అంతకు ముందు తయారైన మార్పిడి సాధనం వాటిని గుర్తించలేదు. గుర్తించని దాన్ని చెప్పకుండా వదిలేస్తుంది లేదా సాధారణ రూపంగా మార్చేస్తుంది. అరసున్న పోయిన పద్యాన్ని సాధారణ పాఠకుడు గమనించకపోవచ్చు. పదవ్యుత్పత్తిని చర్చించే వ్యాసకర్తకు మాత్రం ఆధారమే జారిపోతుంది. అందుకే ప్రతి ఫాంటుకు ముందుగా ఒక పరీక్ష పుట తయారుచేసుకోవాలి. వర్ణమాల, గుణింతాలు, వత్తులు, సంశ్లేష సంయుక్తాలు, అరసున్న, శకటరేఫం అందులో ఉండాలి. దాన్ని మార్చి చూసి, తప్పిన వాటిని పట్టికలో సవరించాకే అసలు పాఠానికి పూనుకోవాలి.

ఇన్ని దశలు దాటిన పాఠాన్ని భద్రపరిచేటప్పుడు యూనికోడ్ ప్రతి ఒక్కటే చాలదు. అసలు ఫైలు, మాధ్యమ ప్రతిబింబం, పుటల పీడీఎఫ్, ఆర్‌టీఎఫ్, యూనికోడ్ పాఠం ఒకే సంచయంలో ఉండాలి. వాటితోపాటు ఒక చిన్న వివరణ పత్రంలో ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ సర్వీస్ ప్యాక్, పేజ్‌మేకర్ ఏ సంచిక, ఏ ఫాంటు, ఏ ప్రింటర్ డ్రైవర్, ఏ మార్పిడి పట్టిక వాడారో రాయాలి. పీఠికలో ప్రతుల వివరణ రాసే సంపాదకుడు తాళపత్రాల పొడవు వెడల్పులు, పంక్తుల సంఖ్య చెప్పినట్లే ఇది కూడా. లైసెన్సు అనుమతించినంత మేరకు స్థాపన పూర్తయిన వర్చువల్ మిషన్‌ను కూడా శాఖ కంప్యూటర్‌లో ఉంచుకుంటే, రేపు మరో సీడీ బయటపడినప్పుడు స్థాపనను మళ్లీ మొదటి నుంచి చేయవలసిన పని ఉండదు.