ఎవరైనా చూస్తున్నారా?

కొన్ని ఆటల్లో గెలవాలంటే కాల్చాలి. కొన్నిట్లో కారు తోలాలి. ఇంకొన్నిట్లో మాత్రం... ఎవరి కంటా పడకుండా బయటపడాలి, అంతే! మరి కనిపించకపోవడమే ఆట అయినప్పుడు కంటికి ఇంపైన బొమ్మలతో పనేంటి?

'మావయ్యా, నువ్వన్నా నాన్నకి చెప్పు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఈ ఆటలు ఆడటం శుద్ధ దండగ!'

మా మేనల్లుడి గోల ఇది. వాడు ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. ఇంట్లో ఉన్నది 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న మామూలు కంప్యూటర్. వాడు అడిగే కార్డు ఒక్కటే 30 వేలు. దాదాపు ఆ కంప్యూటర్ ఖరీదు. మా బావ అవుననలేడు, కాదనలేడు. 'ఏమోయ్, పేపర్లో రాస్తుంటావుగా... బొమ్మ బాగుంటే ఆట బాగుంటుందా? కాస్త కనుక్కుని చెప్పు. ఊరికే వద్దంటే వాడు నెల్రోజులు మాట్లాడడు' అన్నాడు నన్ను పక్కకు పిలిచి.

ఏ కార్ల రేసో అయితే జవాబు తేలికే. కానీ మావాడు ఆడేవి 'స్టెల్త్' గేములు. తెలుగులో దొంగచాటు ఆటలు అనుకోవచ్చు. జమీందారు భవంతో, శత్రువుల ఆయుధాల గిడ్డంగో ఉంటుంది. చుట్టూ కళ్లలో వత్తులు వేసుకున్న కాపలావాళ్లు. పిల్లిలా అడుగులో అడుగేసుకుంటూ లోపలికెళ్లి పని చక్కబెట్టుకు రావాలి. మన దాగుడుమూతలకే కంప్యూటర్ రూపం అన్నమాట. ఆడేవాడి బుర్రలో క్షణక్షణం తిరిగే ప్రశ్న ఒక్కటే... 'నన్నెవరైనా చూస్తున్నారా?' ఆ సంగతి తెరే చెప్పాలి. చెప్పలేకపోయిందా, ఎంత తళతళలాడినా ఏం లాభం?

నాకీ సంగతి చిన్నప్పుడే అనుభవమైంది. మా ఊరి నెట్ సెంటర్లో గంటకి పదిహేను రూపాయలిచ్చి ఆడిన ప్రాజెక్ట్ ఐజీఐ గుర్తుంది. నార్వే వాళ్లు తయారుచేస్తే 2000లో విడుదలైన ఆట. కొండలు, కంచెలు, కెమెరాలు... అప్పట్లో ఆ బొమ్మలు చూసి నోరెళ్లబెట్టాం. కానీ కాపలావాడు నన్ను చూశాడో లేదో తూటా తగిలేదాకా తెలిసేది కాదు. సైరన్ మోగిందంటే మళ్లీ మొదట్నుంచే. మధ్యలో ఎక్కడిదాకా వచ్చామో అక్కడ ఆపి దాచుకునే వీలు కూడా లేదందులో. నా పాకెట్ మనీ సగం అలాగే పోయింది.

అదే సెంటర్లో పక్క సీటు వాడు కమాండోస్ ఆడేవాడు. స్పెయిన్ కంపెనీ పైరో స్టూడియోస్ 1998లో తెచ్చిన ఆట. పైనుంచి చూస్తున్నట్టు ఉంటుంది. చీమలంత మనుషులు. అయితేనేం... ఒక జర్మన్ సైనికుణ్ని ఎంచుకుంటే, వాడి చూపు ఎంతదూరం పోతుందో నేలమీద పచ్చటి విసనకర్రలా పరుచుకునేది. దగ్గరి భాగంలోకి వెళితే ఎలా వెళ్లినా చూసేస్తాడు. దూరపు భాగంలో అయితే పాకుతూ వెళ్లొచ్చు. నిజంగా ఎవరి చూపూ పచ్చగా ఉండదు. కానీ దొరికిపోతే తప్పు ఎవరిదో ఆడేవాడికి తెలిసేది. నేను ఐజీఐలో తిట్టుకుంటూ లేచేవాణ్ని. వాడు కమాండోస్‌లో 'అబ్బ, తొందరపడ్డా' అంటూ మళ్లీ కూర్చునేవాడు.

ముఖం లేదు... అడుగుజాడ ఉంది!

అసలు ఈ తరహా ఆటలు ఎదిగిందే బొమ్మల పేదరికంలో. 1981లో ఆపిల్-2 కంప్యూటర్ మీద వచ్చిన క్యాజిల్ వుల్ఫెన్‌స్టీన్‌లో మనుషులంటే నాలుగు గీతల బొమ్మలే. ఆ తరవాత 1987లో జపాన్‌లోని కొనామీ కంపెనీలో హిడియో కొజిమా అనే పాతికేళ్లు కూడా నిండని కుర్రాడికి ఓ యుద్ధం ఆట చేసే పని పడింది. తీరా చూస్తే ఎంఎస్‌ఎక్స్-2 అనే ఆ చిన్న కంప్యూటర్ ఒకేసారి ఎక్కువమంది సైనికుల్నీ తూటాల్నీ తెరమీద చూపించలేదు. యుద్ధం చేయలేకపోతే తప్పించుకుందాం అనుకున్నాడు కొజిమా. అలా వచ్చిందే మెటల్ గేర్.

పదకొండేళ్ల తరవాత, 1998లో ప్లేస్టేషన్ మీద అదే కొజిమా మెటల్ గేర్ సాలిడ్ తీశాడు. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. పాత్రల ముఖాల్లో కళ్లెక్కడో నోరెక్కడో సరిగ్గా తెలీదు. మాట్లాడేటప్పుడు పెదవులు కదలవు, తలలు ఊగుతాయంతే. కానీ మంచులో నడిస్తే అడుగుజాడలు పడతాయి. కాపలావాడు వాటిని చూసి, వంగి, వెంబడిస్తాడు! ముఖం గీయడానికి చాలని శక్తిని తీసుకెళ్లి అడుగుజాడల మీద ఖర్చు పెట్టారు. ఆటకి కావాల్సింది అదే మరి. 2004లో ఇదే ఆటని గేమ్‌క్యూబ్ కోసం కొత్త హంగులతో మళ్లీ తీశారు. ముఖాలొచ్చాయి. హీరో కళ్లలోంచి గురిచూసి కాల్చే వీలూ వచ్చింది. ఆ గదులేమో పాత పద్ధతికి కొలిచి కట్టినవి. దాంతో చాలాచోట్ల ఆట మరీ తేలికైపోయిందని పాతకాపులు పెదవి విరిచారు.

చీకటికి ఓ కొలత

1998లోనే అమెరికాలోని లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ 'థీఫ్' అనే ఆట తెచ్చింది. పేరు గారెట్, వృత్తి దొంగతనం. నన్నడిగితే ఈ తరహా ఆటలన్నిటికీ పెద్దబాలశిక్ష ఇదే. తెర కింద మధ్యలో చిన్న మణి ఒకటి ఉంటుంది. మనం వెలుగులో ఉంటే అది మెరుస్తుంది. నీడలోకి జరిగితే నల్లబడుతుంది. మణి నల్లగా ఉన్నంతసేపూ కాపలావాడు మూరెడు దూరంలోంచి వెళ్తున్నా ఊపిరి బిగబట్టి నించోవచ్చు. దివిటీ అడ్డమొస్తే నీళ్ల బాణం వేసి ఆర్పేయొచ్చు. తివాచీ మీద నడిస్తే చప్పుడు ఉండదు. పలకల మీదా, ఇనుప రేకుల మీదా నడిస్తే టకటకమని భవనమంతా మోగుతుంది. అందుకని నాచు బాణం వేసి నేల మీద నాచు పరుచుకుని, దానిమీద నడవాలి!

బొమ్మలంటారా... అప్పటికే నాసిరకం అన్నవాళ్లున్నారు. మూలలు తేలిన మనుషులు, మసకబారిన గోడలు. కానీ ఎక్కడ వెలుగో ఎక్కడ నీడో ఖాయంగా తెలుస్తుంది. ఆ కంపెనీ 2000లో మూతపడింది. ఆట మాత్రం ఇప్పటికీ అమ్ముడవుతోంది.

అసలు కథ మూడో భాగానిది. 2004లో అయాన్ స్టార్మ్ అనే మరో స్టూడియో 'థీఫ్: డెడ్లీ షాడోస్' తీసింది. ఈసారి నీడలు నిజంగా కదులుతాయి. కాపలావాడు దీపం పట్టుకుని నడుస్తుంటే వాడి నీడ గోడమీద సాగుతుంది. చూడ్డానికి ఎంత బాగుంటుందో! కానీ ఆ ఆట ఎక్స్‌బాక్స్ మీద కూడా నడవాలి. దాని మెమరీ ఎంతని? ఆ నీడల బరువుకి పెద్దపెద్ద భవనాలు పట్టలేదు. వాటిని ముక్కలుచేసి, మధ్యలో నీలిరంగు పొగమంచు తెర కట్టారు. అందులోకి అడుగుపెడితే కాసేపు ఆగి తరవాతి ముక్క తెరుచుకుంటుంది. వెంట తరుముతున్న కాపలావాడు అటువైపే ఆగిపోతాడు. రెండో భాగంలో ఊరంత భవంతుల్లో తిరిగినవాళ్లకి ఇది పైన పటారం, లోన లొటారంలా అనిపిస్తే తప్పేముంది?

అయితే మేనల్లుడి పక్షాన కూడా ఓ మాట చెప్పాలి. 2002లో యూబీసాఫ్ట్ వాళ్ల స్ప్లింటర్ సెల్ వచ్చినప్పుడు కొత్త గ్రాఫిక్స్ లేకపోతే ఆ ఆటే లేదు. కిటికీ చెక్కల సందుల్లోంచి పడే వెలుగు హీరో వీపుమీద చారలు చారలుగా పడుతుంది. బల్బుని కాలిస్తే గదంతా చీకటైపోతుంది, ఆ చీకటే మనకి దాక్కునే చోటు. అక్కడ నీడ అలంకారం కాదు, ఆట నియమం. అదే ఆటని 2003లో అంతకన్నా బలహీనమైన ప్లేస్టేషన్-2కి తెచ్చేసరికి నీడల్నీ కొన్ని చోట్లనీ కుదించాల్సి వచ్చింది.

అంత నిజమైన చీకట్లో ఇంకో చిక్కుంది. హీరో మనకే కనిపించకపోతే? అందుకే అతని నుదుటిమీది కళ్లద్దాలకి మూడు పచ్చటి దీపాలు పెట్టారు. చీకట్లో దాక్కునే గూఢచారి నెత్తిన దీపాలు పెట్టుకు తిరగడం ఏంటంటే... అవి కాపలావాళ్లకి కనిపించవు, మనకే! వాస్తవం కోసం అంత తాపత్రయపడినవాళ్లు కూడా ఒకచోట కళ్లుమూసుకుని అబద్ధమాడక తప్పలేదు. ఆ వరసలోనే 2010లో వచ్చిన కన్విక్షన్ ఇంకాస్త ముందుకెళ్లింది. నీడలోకి వెళ్లగానే తెరంతా నలుపు తెలుపు అయిపోతుంది. దాక్కున్నామని తెలుస్తుంది, నిజమే. కానీ ఈ ఆటల్లో సగంసేపు దాక్కునే ఉంటాం కదా... రంగుల్లో గీసిన బొమ్మల్ని బూడిద రంగులో చూస్తూ కూర్చోవాలి. 2013లో వచ్చిన బ్లాక్‌లిస్ట్‌లో ఆ పద్ధతి మానేసి, దాక్కున్నప్పుడు హీరో దుస్తులమీద చిన్న దీపం వెలిగేలా మార్చారు.

దీపం వెనక తోలుబొమ్మ

బావ కోసం వెతుకుతుంటే నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది మార్క్ ఆఫ్ ద నింజా. కెనడాలోని క్లే సంస్థ 2012లో తెచ్చింది. లోతు లేదు, కెమెరా తిరగదు. కార్టూన్ సినిమాలా పక్కనుంచి చూసే బొమ్మలు. నింజా చీకట్లో ఉంటే నల్లటి ఆకారం, చుట్టూ సన్నటి గీతలు. వెలుగులోకి రాగానే రంగులు! దీపం వెలిగించాక తోలుబొమ్మకి రంగులొచ్చినట్టు. మణి అక్కర్లేదు, కొలత అక్కర్లేదు. హీరోని చూస్తే చాలు. పరుగెత్తితే ఆ చప్పుడు ఎంతదూరం వినిపిస్తుందో చెరువులో రాయి వేసినట్టు గుండ్రంగా అల తేలుతుంది. ఆ అల కాపలావాణ్ని తాకిందా, వాడు వెనక్కి తిరుగుతాడు. చప్పుణ్ని కూడా కంటికి చూపించారన్నమాట!

సరిగ్గా ఆ ఏడాదే ఫ్రాన్స్‌కి చెందిన ఆర్కేన్ స్టూడియోస్ డిస్‌ఆనర్డ్ వచ్చింది. అందులో మనుషుల చేతులూ ముఖాలూ కావాలనే కాస్త పెద్దవిగా, తైలవర్ణ చిత్రాల్లా దిద్దారు. సన్నటి వివరాలు తగ్గించారు. దాంతో వీధి చివర ఉన్న కాపలావాడు ఎటు తిరిగి ఉన్నాడో ఇట్టే పోల్చుకోవచ్చు. ఇన్నేళ్లయినా అది పాతబడినట్టు లేదు. అప్పట్లో అచ్చం ఫొటోలా ఉందని మురిసిన ఆటల్ని ఇప్పుడు చూస్తే మాత్రం పాత ఫోన్లో తీసిన పెళ్లి వీడియోలా అనిపిస్తుంది. (అమ్మానాన్నలకో మాట: ఈ ఆటల్లో రక్తపాతం ఉంటుంది. కొనేముందు వయసు గుర్తు చూడండి. డిస్‌ఆనర్డ్‌ని ఒక్కర్నీ చంపకుండా కూడా ముగించొచ్చు. నిజానికి అదే కష్టం.)

మావాడు కార్డు కావాలంటున్నది 2025లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ షాడోస్ కోసం. పదహారో శతాబ్దపు జపాన్ కథ. వాడు మళ్లీ మళ్లీ చూపించిన వీడియోలో నాకు నచ్చింది దీపాలార్పడం కాదు, రుతువులు. వేసవిలో చెరువులో మునిగి దాక్కోవచ్చు. చలికాలం వస్తే అదే చెరువు గడ్డకట్టేస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది సరే, దాక్కునే చోటు పోయింది! ఇలాంటి చోట ఖర్చు పెట్టారంటే నేనూ వాడి పక్షమే.

ఈ ముక్కే బావతో చెప్పా. 'ఆ ఒక్క ఆటకైతే కార్డు కావాలి. మిగతా ఆటలకి ఇప్పుడున్న కంప్యూటరే ఎక్కువ' అన్నా.

'అంటే కొనాలా, వద్దా?'

'సెమిస్టర్ పరీక్షలు కానీ బావా...'

'ఇంతోటి దానికి వారం తిప్పించావా' అన్నట్టు చూశాడు.

మేనల్లుడు అంత తేలిగ్గా లొంగలేదు. 'కార్టూనా? చిన్నపిల్లాణ్నా నేను?' అంటూనే ఆ పాత కంప్యూటర్లో నింజా ఆట ఎక్కించుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం కాసేపు అన్నవాడు చీకటిపడేదాకా లేవలేదు. మధ్యలో ఓసారి లేచింది కిటికీ తెరలు వేయడానికి. ఎండ పడితే ఆ తెరమీద చీకటి తెలీదు, మన ముఖమే కనిపిస్తుంది. ముప్ఫైవేల కార్డు వేసినా అంతే.

మొన్న అక్క ఫోన్ చేసింది. రాత్రి ఒంటిగంటకి మంచినీళ్లకి లేస్తే వాడి గది తలుపు సందులోంచి సన్నగా వెలుగు కనిపించిందట. వట్టికాళ్లతో గ్రానైట్ నేలమీద చప్పుడు లేకుండా వెళ్లి వెనకాల నించుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ట్యూబులైటు ఆర్పేసుకుని, కాపలావాడి అడుగుల అలలు లెక్కపెట్టుకుంటున్నాడు మావాడు. అయిదు నిమిషాలు నించున్నా గమనించలేదట.

స్విచ్ వేశాక చూశాడు.