జ్వరమునకు ముందు పరీక్ష, పిమ్మట మందు



వానలు పడి పసుపు మొలకెత్తు దినములలోనే మన సిరికొండ ప్రాంతమున జ్వరములును తలయెత్తును. ఇంట నొకరు పడకపట్టగనే మనమడుగు మాట "ఏ మందు?" అని. అంతకుముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి గలదు. "ఇది ఏ జ్వరము?" నేడు నేను దానినిగూర్చి మనవి చేయదలచితిని.

చలి, వణకు, తలనొప్పి, ఒడలినొప్పులు మలేరియాలోను గలవు, డెంగీలోను గలవు. చేయి పట్టి చూచినంతమాత్రమున ఎంతటి వైద్యుడును వీనిని వేరుచేయజాలడు. మందులు మాత్రము వేరు. డెంగీ రోగికి ఆస్పిరిను వంటి నొప్పిమాత్ర యిచ్చినచో రక్తస్రావము హెచ్చవచ్చును. మలేరియాలో ఫాల్సిపేరమ్ అను జాతి సోకిన రోగికి తగిన మందు ఆలసించినచో, అది కొలది దినములలోనే మెదడునకెక్కి ప్రాణము తీయగలదు.

మలేరియా క్రిమిని 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తమున కనుగొనెను. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే దోమ కడుపున దానిని చూచెను. అటుపిమ్మట చిరకాలము సూక్ష్మదర్శినియే పరీక్షకు ఆధారము. ఆ యంత్రమును, దానిని చూడనేర్చినవారును ప్రతి పల్లెలో నుండరు. గాజుపలకపై పూసిన నెత్తురు పట్నము చేరి ఫలితము తిరిగివచ్చునంతలో రోగము ముదురును.

ఈ కొరత తీర్చుటకే శీఘ్రపరీక్ష పుట్టినది. వ్రేలికొనను గ్రుచ్చి తీసిన ఒక్క నెత్తుటిబొట్టును చిన్న పట్టీపై వేసి, కొన్ని చుక్కల ద్రవము చేర్చుదురు. క్రిమి రక్తములో విడుచు పదార్థమును పట్టుకొను మందు ఆ పట్టీపై ముందే పూయబడియుండును. క్రిమి యున్నచో పదునైదు ఇరువది నిమిషములలో అచట రంగుగీత తేలును. పరీక్ష సరిగా జరిగినదని తెలుపు గీత మరియొకటి గలదు. అది రానిచో పట్టీ చెడినదని యెరిగి మరల పరీక్షింపవలయును. 2020లో కరోనా కాలమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ముక్కున పుల్లపెట్టి చేసిన పరీక్షయు ఈ జాతిదే.

ఏ జాతి మలేరియాయో తెలిసినగాని మందు కుదరదు. వైవాక్స్ జాతి కాలేయమున దాగి మరల తిరుగబెట్టును గనుక దానికి పదునాలుగు దినముల మాత్రలు కావలయును. జ్వరము తగ్గెనని నడుమ మానరాదు.

ఐనను పట్టీ సర్వజ్ఞము కాదు. క్రిములు మిక్కిలి తక్కువగా నున్నప్పుడు గీత రాకపోవచ్చును. రోగము కుదిరిన పిమ్మటను కొన్ని వారములు గీత కనబడవచ్చును. కాబట్టి గీత రాకున్నను జ్వరము విడువనిచో మరల వైద్యునికి చూపవలయును. మగత, మూర్ఛ, ఆగని వాంతులు, రక్తస్రావము కనబడినచో పరీక్షకై కూర్చుండక వెంటనే ఆసుపత్రికి చేర్పవలయును.

1946లో భోర్ సంఘము ప్రాథమిక ఆరోగ్య కేంద్రములను సూచించినది వైద్యము పల్లెవానికి దూరము కారాదనియే. నేడు ఆశా కార్యకర్త సంచిలో ఆ పరీక్ష మన గడపకు రాగలదు. ఊరిలో మీ మాటకు విలువ గలదు. జ్వరమని యెవరైన మీ యరుగుమీదికి వచ్చినప్పుడు, సూదిమందునకు పరుగిడకుండ మొదట నెత్తురు చూపించుకొమ్మని చెప్పుడు. ఆ యొక్కమాట ఒక బిడ్డను నిలుపవచ్చును.