కొయ్యబండికి బాటయు గడియారమును

1953లో కాలిఫోర్నియాలోని మన్‌హాటన్ బీచిలో డాన్ మర్ఫీ స్కౌటు పిల్లలకై ఆరంభించిన పైన్‌వుడ్ డెర్బీలో యంత్రముండదు. 5 ఔన్సులకు మించని కొయ్యబండి వాలుబాటపై తన బరువుచేతనే పరుగిడును. అమెరికాలోని నా మనుమడు నిరుడు వ్రేలివెడల్పున ఓడి యేడ్చెను. ఈయేడు ఇంట పరీక్షకు ఎట్టి బాట, ఎట్టి గడియారము కొనవలెనని నన్నడిగెను. వ్యాకరణము చెప్పుకొన్నవానికిదేమి పరీక్ష! అయినను లెక్కవేసితిని.

4 అడుగుల ఎత్తునుండి దిగిన బండి సెకనునకు సుమారు 16 అడుగులు పోవును. చేతితో నొక్కు గడియారము పదవవంతు సెకను తప్పినచో అడుగున్నర తేడా వచ్చును. కావున బండిని విడువగనే తానే మొదలై, తుదిని కాంతికిరణము తెగగనే ఆగునదే కొనదగినది. వెయ్యవవంతు సెకను చూపిన చాలును. అది అంగుళములో అయిదవవంతు దూరమే గదా.

బాటకు పొడవుకంటె అతుకుల నునుపు ముఖ్యము. ఒకే బండిని 10 మార్లు విడిచి చూడవలెను. ఆ కాలములలోని తేడా, చక్రములు మార్చుటచే కలుగు తేడాను మించెనా, ఎన్ని యంకెలు చూపు గడియారమైనను వ్యర్థము. మావాడు బాటను మెత్తని తివాచీపై పఱచియుండెను! ఇప్పుడు గచ్చుపైకి మార్చి, మరల మొదటినుండి లెక్క వ్రాయుచున్నాడు.